న్యాల్‌కల్‌కు బదిలీ అయిన కొత్త అయ్యగారికి చిట్కాలు

మెథడిస్టు పద్ధతిలో ఏ సంఘానికి పోవాలో పాస్టరు ఎంచుకోడు, ఏ పాస్టరు రావాలో సంఘమూ ఎంచుకోదు. కాన్ఫరెన్సు ఆఖరున బిషపుగారు నియామకాల జాబితా చదువుతారు, ఇరుపక్షాలూ ఆమేన్ అంటాయి. పెళ్లిచూపులు లేని పెళ్లి అన్నమాట. ముహూర్తం మాత్రం ఉంటుంది: అయ్యగారు మొదటిసారి పల్పిట్ ఎక్కి తానెవరో చెప్పుకునే ఆదివారం. ఇంత ముఖ్యమైన ఘట్టానికి మార్గదర్శి అంటూ ఒక్కటీ లేదు. వేదాంత కళాశాలలో గ్రీకు నేర్పుతారు, హీబ్రూ నేర్పుతారు, సంఘ చరిత్ర నేర్పుతారు. తనను తాను ఘనంగా పరిచయం చేసుకోవడం ఎలాగో మాత్రం ఎవరూ నేర్పరు. పల్లె గుడుల్లో వెనక వరసలో చాపల మీద కూర్చుని ఎందరో అయ్యగార్ల మొదటి ఆదివారాలు చూసిన అనుభవంతో ఈ సలహాలు రాస్తున్నాను. పాటించినవారికి పాటించినంత ఫలం.

జాబితా చదివాక

మీ పేరు పక్కన న్యాల్‌కల్ అని వినపడగానే ముందు చేయాల్సిన పని మొహం ముడుచుకోవడం. నలుగురికీ కనపడేలా ముడుచుకోవాలి. మీ కొత్త సంఘం నుంచి వచ్చిన ప్రతినిధి అదే హాల్లో ఎక్కడో కూర్చునే ఉంటాడు. ఆయన బస్సు ఎక్కేలోపే మీ మొహం సంగతి ఊరికి చేరిపోవాలి.

తర్వాత సంఘం వ్యవహారాలు చూసే స్టీవార్డుకు ఫోను చేయండి. సంఘంలో ఎన్ని ఇళ్లు, మంచాన పడ్డవాళ్లు ఎవరు, ఈ మధ్య ఎవరింట్లో చావు జరిగింది లాంటివి అడిగితే లోకువైపోతారు. పార్సనేజీలో బోరు నీళ్లా నల్లా నీళ్లా, కారు గేటు లోపలికి పడుతుందా, ఏసీ పెడితే వైరింగు ఆగుతుందా, జహీరాబాద్ స్కూలు బస్సు ఇక్కడిదాకా వస్తుందా, ఇవీ అడగాల్సినవి. పిల్లలున్న ఎవరికైనా వచ్చే సందేహాలే కదా అంటారేమో. నిజమే. కిటుకంతా ఇవి తప్ప ఇంకేమీ అడగకుండా ఫోను పెట్టేయడంలో ఉంది. పొద్దుగూకేసరికి చుట్టుపక్కల హద్నూరులో, మామిడ్గిలో, మెటల్‌కుంటలో మీ ఏసీ గురించి తెలియనివాళ్లు ఉండరు. సగం పరిచయం ఖర్చు లేకుండా అయిపోయినట్టే.

పాత అయ్యగారితో మాట కలపొద్దు. ఆయన సామాను ఒక డీసీఎంలోకి ఎక్కుతుంటే మీ సామాను ఇంకో డీసీఎంలోంచి దిగుతూ ఉండాలి. ఆయన ఒక చిన్న నోటుపుస్తకం మీ చేతికి ఇవ్వబోతాడు. అందులో ఇంటివారీగా పేర్లు, షుగరున్నవాళ్లు, భర్త తాగుడుతో వేగుతున్నవాళ్లు, ఒకరితో ఒకరు మాట్లాడుకోని అన్నదమ్ములు, పైచదువుకు ఫీజు కట్టలేక ఆగిపోయిన ఆడపిల్లలు, అన్నీ రాసి ఉంటాయి. తీసుకుని ప్యాంటు జేబులో పెట్టుకోండి, ప్యాంటుతో పాటు ఉతికేయండి.

ఫ్లెక్సీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మీ నిలువెత్తు ఫోటో ఒకటి, కుటుంబంతో ఒకటి, బిషపుగారితో ఒకటి. యేసు ప్రభువు మూలన పోస్టల్ స్టాంపంత ఉంటే చాలు, ఆయన్ను ఈ సంఘానికి కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. బిల్లు యౌవనస్థుల చందాలోంచి కట్టించండి.

నేను, నా డిగ్రీలు

ఇక అసలు ప్రసంగం. పుట్టిన ఊరుతో మొదలుపెట్టి పదో తరగతి మార్కులు, కాలేజీ, వేదాంత విద్య, వరసగా ఎక్కుతూ రండి. ఏ దేశం వెళ్లొచ్చారో చెప్పండి. విమానంలో కిటికీ పక్క సీటు దొరికిన సంగతి వదలొద్దు. ఎప్పుడో ఎక్కడో గౌరవార్థం వచ్చిన డాక్టరేటు ఉంటే, పిలుపు అందినప్పుడు ఎన్ని ఉద్యోగాలు వదులుకొని వచ్చారో చెప్పిన వెంటనే దాన్ని పెట్టండి. వదులుకున్న జీతం అంకెతో సహా చెప్తే వినేవాళ్లకు బాగా నాటుకుంటుంది. ముందు వరసలో కూర్చున్నావిడ నిన్న పత్తి ఏరిన కూలి ఎంతో మీకు తెలియదు కాబట్టి మొహమాటం కూడా ఉండదు.

ఈ విషయంలో చరిత్ర మనకు హెచ్చరికలు మిగిల్చింది. ఇంగ్లండులో జార్జ్ హెర్బర్ట్ అని ఒక కవి ఉండేవాడు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి అధికార వక్త. 1630లో సాల్స్‌బరీ దగ్గర బెమర్టన్ అనే పల్లెకు పాస్టరుగా వచ్చాడు. మొదటి ప్రసంగం మాత్రం భేషుగ్గా చేశాడు. పాండిత్యం, వాగ్ధాటి, అలంకారాలు, అన్నీ గుప్పించాడు. అంతా బాగా జరిగిందనుకునేసరికి చివర్లో, ఇకమీదట ఇలా మాట్లాడను, మీ బుర్రల్లో అక్కరలేనివి నింపను, మీ పనికొచ్చే మాటలే సాదాగా చెప్తాను అనేశాడట. 1670లో ఆయన జీవితచరిత్ర రాసిన ఐజాక్ వాల్టన్ దీన్నొక గొప్ప సంగతిగా చెప్పుకొచ్చాడు. చేతికొచ్చిన పంటను ఎవరైనా కళ్లంలోనే వదిలేస్తారా? హెర్బర్టు మొదటి ముప్పావు భాగం తీసుకోండి, చివరి నాలుగు మాటలు కోసేయండి. ఆయన మూడేళ్లకే జబ్బుతో పోయాడు. పల్లెవాళ్లు ఆ పాండిత్యం ఇంకాస్త వినుంటే బాగుండేదని నా అభిప్రాయం.

ఇంకో ఉదాహరణ మీరు టీవీలోనే చూసి ఉంటారు. 2013 మార్చి 13 రాత్రి కొత్త పోపు బాల్కనీలోకి వచ్చాడు. కింద చౌక్ నిండా జనం, ప్రపంచంలో ఉన్న కెమెరాలన్నీ అటే. అంతటి మైకు దొరికితే ఆ పెద్దాయన శుభసాయంత్రం చెప్పాడు! అయినింటి మామయ్య గుమ్మంలోకి వచ్చి పలకరించినట్టు. పోనీ ఆ తర్వాతైనా ఆశీర్వదించాడా అంటే, ముందు మీరు నాకోసం ప్రార్థన చేయండని అడిగి తలవంచుకుని నిలబడ్డాడు. అంతమంది జనం నోరు మూసుకుని నిలబడిపోయారు. రసాయన శాస్త్రం చదివిన సంగతైనా ఎత్తలేదు. పరిచయం ఎలా చేసుకోకూడదో నేర్చుకోవాలంటే ఈ వీడియో ఒక్కటి చాలు.

విత్తువాడి ఉపమానం

వాక్యం ఏది తీసుకోవాలన్న సందేహం వద్దు. మత్తయి పదమూడో అధ్యాయం, విత్తువాడి ఉపమానం. రైతుల ఊరు కాబట్టి రైతు ఉపమానం, ఎంత తెలివిగా ఉందో చూడండి. "మంచి నేల అంటే ఏమిటి?" అని సంఘాన్ని అడగండి. ఎవరైనా నోరు తెరిచేలోపే జవాబు మీరే చెప్పేయండి.

ఇక్కడ తొందర చాలా అవసరం, ఎందుకంటే నోరు తెరవనిస్తే ప్రమాదం. న్యాల్‌కల్, ఝరాసంగం వైపు ఎర్ర చెలకలూ ఉన్నాయి, నల్లరేగళ్లూ ఉన్నాయి. యాసంగిలో ఆ నల్లరేగట్లో ఒక్క తడి పెట్టకుండా, మంచు మీదే జొన్న, సనగ, కుసుమ, అవిసె పండించే ఆడవాళ్లు మీ ముందు కూర్చుని ఉంటారు. ఒక్క ఎకరంలో పది పదిహేను రకాలు కలిపి విత్తేవాళ్లు. ఒకటి పోయినా ఇంకోటి నిలబడుతుందని వాళ్ల లెక్క. విత్తనం కొనరు, బూడిదా వేపాకూ కలిపి ఈత బుట్టలో పోసి, పైన మట్టీ పేడా మెత్తి దాస్తారు. ఏ ఏడు ఏ బుట్ట మూత తియ్యాలో ఆ ఇంటావిడకే తెలుసు. జహీరాబాద్ పక్కన పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల్లో ఇలాంటివాళ్లే ఉన్నారు. 2008 అక్టోబరు 15న మాచనూరులో మొదలైన సంఘం రేడియోలో మైకు పట్టుకుని సాగు సంగతులు చెప్తున్నదీ వాళ్లే. 2019లో ఆ సంఘాలకు ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి కూడా వచ్చింది.

ఇంత తెలిసినవాళ్ల ముందు "విత్తనం చాలా చిన్నది, కానీ అందులో ఎంతో శక్తి ఉంది, చూడండి" అని వేళ్లతో చూపించి చెప్పడానికి గుండె ధైర్యం కావాలి. ఆ ధైర్యం మీకుంది. ముళ్ల పొదల గురించి చెప్తున్నప్పుడు గడ్డి మందు పేరు ఒకటి జోడిస్తే ఆధునికంగా ఉంటుంది. ముసలావిడ ఒకావిడ పక్కావిడ చెవిలో ఏదో అని ఇద్దరూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. ఆత్మ కదలిక అనుకోండి, సాగిపోండి.

ఆరాధన ఎప్పుడు ముగించాలన్నది పూర్తిగా మీ ఇష్టం. పత్తి ఏరే రోజుల్లో ఆదివారమూ కూలి ఉంటుంది, సగంమంది దాన్ని వదులుకునే వచ్చి ఉంటారు. వచ్చినవాళ్లకు కూలికి తగ్గ ప్రసంగం దొరకొద్దా?

భాష సంగతి

కొత్త ఊరి చరిత్ర చదువుకుని రావడం మంచిది కాదు. చదివితే అనవసరమైన జాలి కలుగుతుంది. న్యాల్‌కల్ నైజాం రోజుల్లో బీదర్ తాలూకాలోది. 1956లో రాష్ట్రాల పునర్విభజన చట్టం బీదర్ జిల్లాను పంచినప్పుడు న్యాల్‌కల్ సర్కిల్‌ను పేరుపెట్టి మరీ విడదీసి ఇటు కలిపారు, తాలూకా కేంద్రం బీదర్ అటు మైసూరు రాష్ట్రానికి పోయింది. నవంబరు 1 నుంచి ఇక్కడివాళ్లు మెదక్ జిల్లా మనుషులయ్యారు, 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లా మనుషులయ్యారు. చుట్టరికాలకు మాత్రం ఏ గెజిటూ రాలేదు. కోడళ్లు అటునుంచి వస్తారు, కూతుళ్లు అటుపోతారు, జబ్బు ముదిరితే బీదర్ ఆస్పత్రికే పరుగు. దాంతో ఒకే ఆవిడ తెలుగులో ప్రార్థన చేసి, కన్నడంలో మనవణ్ని గదమాయించి, ఉర్దూలో కూరగాయలు బేరమాడి ఇంటికి పోతుంది.

ఇదంతా సరిచేయడానికే దేవుడు మిమ్మల్ని పంపాడు. అందుకని పరిచయం పూర్తిగా పుస్తకాల తెలుగులో చేయండి. "సమజ్ కాలే అయ్యగారూ" అని ఎవరైనా అంటే, "సమజ్ కాదమ్మా, అర్థం కాలేదు అనాలి" అని అక్కడే దిద్దండి. కన్నడ కీర్తన ఎవరైనా ఎత్తుకుంటే గొంతు సవరించుకుని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో నంబరు చెప్పండి. డప్పు బయటే ఆపించండి, కీబోర్డు ఉందిగా. ఆ కీబోర్డు వాయించే కుర్రాడు శ్రుతి రెండు మెట్లు తప్పు పెట్టినా పర్వాలేదు, డప్పు కన్నా నాగరికం.

దోర్నకల్ బిషపు అజరయ్య ఉదాహరణ చెప్పి మిమ్మల్ని తప్పుదోవ పట్టించేవాళ్లు ఉంటారు. జాగ్రత్త. ఆయన తిరునల్వేలి వైపు తమిళుడు. 1909లో దోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, ఎడ్లబండి మీద పల్లెలు తిరిగాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషపుగా అభిషేకం పొందాక కూడా ఆ బండి దిగలేదు. 1910లో ఎడింబరో మిషనరీ సభలో తెల్లదొరల ముందే నిలబడి, మీరు చేసిన త్యాగాలు చాలు, మాకు స్నేహితులు కావాలని అడిగేశాడు. బాప్తిస్మం పొందిన కూలివాళ్ల చేతులు వాళ్ల తలల మీదే పెట్టించి, సువార్త మేమే చెప్తాం అని ఒట్టు వేయించేవాడు. అలా చేస్తే ఇక అయ్యగారి అవసరం ఏముంటుంది? ఆయన మీద పుస్తకాలు రాశారు సరే, ఏసీ గురించి ఆ పుస్తకాల్లో ఒక్క మాట లేదు.

పాత రిజిస్టర్ల పెట్టె

పార్సనేజీ మూలగదిలో ఇనుప పెట్టె ఒకటి ఉంటే తెరవకండి. బాప్తిస్మాల రిజిస్టర్లు, పెళ్లిళ్ల రిజిస్టర్లు, చెదలు తినగా మిగిలిన చందాల లెక్కలు అందులో ఉంటాయి. తెరిచారా, మీ పరిచయ ప్రసంగం పాడైపోతుంది. నూరేళ్ల నాటి సిరా, వంకర రాత. మాల, మాదిగ ఇళ్లు గుంపులు గుంపులుగా బాప్తిస్మం తీసుకున్న రోజులవి. పాత పేరు ఒక గడిలో, కొత్త పేరు పక్క గడిలో. కింద తండ్రి పేరు, పని: వెట్టి, పశువుల కాపరి, చెప్పులు కుట్టడం. మొదటి వరసలో మీ మీద తువాలు కప్పబోయే పెద్దాయన తాత పేరు ఆ పేజీలోనే ఉంటుంది. ఆ తాత బాప్తిస్మం తీసుకున్నందుకు ఊరి దొర పని మాన్పించిన కథ ఆ ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇదంతా తెలిస్తే "నేను మీకు క్రీస్తును పరిచయం చేయడానికి వచ్చాను" అన్న మాట నోట్లోంచి రాదు. అది మీ ప్రసంగంలో చప్పట్లు పడాల్సిన చోటు. అందుకే పెట్టె మీద ఇన్వర్టరు బ్యాటరీ పెట్టేయండి.

సంఘం ఏదో కూడా కనుక్కోనక్కర్లేదు. "మెదక్ చర్చి ఎంత గొప్పది! అది మనదే కదా" అని మొదలుపెట్టండి. మెదక్ గుడి బ్రిటిష్ వెస్లియన్లది. మిషనరీ పోస్నెట్ దొర హయాంలో కట్టి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు, ఆ సంఘం 1947 సెప్టెంబరు 27న సి.ఎస్.ఐ.లో కలిసింది. జహీరాబాద్, బీదర్ చుట్టుపక్కల మెథడిస్టు సంఘాలు అమెరికా మిషనువాళ్లవి. అవి అందులో కలవలేదు, 1981లో మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాగా తమ దారిన తాము నిలబడ్డాయి. ఇదేం పెద్ద తేడా? ముందు వరసలో పెద్దల కనుబొమలు పైకి లేస్తే ఫ్యాను గాలికి అనుకోండి.

ఇంటిపేరు దగ్గర మాత్రం గట్టిగా పలకండి. రెండుసార్లు చెప్పినా తప్పులేదు. మీ ఇంటిపేరు వినగానే ఒక వైపు మనుషులు ముందుకు వంగుతారు, ఇంకో వైపు మనుషులు గోడకు ఆనుకుంటారు. ఎటు ఎవరు కూర్చున్నారో గుర్తుపెట్టుకుని తర్వాత కమిటీ వేసేటప్పుడు వాడుకోవచ్చు. క్రీస్తులో కులం లేదని ప్రసంగం చివర ఒక వాక్యం పెడితే లెక్క సరిపోతుంది.

గడప దగ్గర వరుస

ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర నిలబడి చేతులు కలుపుతారు. పరిచయంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన ఘట్టం ఇదే. ఎందుకంటే ఇక్కడ వాళ్లు మాట్లాడతారు.

ముసలావిడ ఒకావిడ రెండు చేతులతో మీ చెయ్యి పట్టుకుని వదలదు. జొన్న కోసిన అరచేతులు, గరుగ్గా ఉంటాయి. కళ్లకు శుక్లాలు, అందుకని మొహం మీ మొహానికి దగ్గరగా తెస్తుంది. మీరు ముప్పావు గంట మీ గురించే చెప్పి ఉంటారు. అయినా ఆవిడ అడుగుతుంది:

"నీ పేరేంది బిడ్డా? ఏడికెల్లి వచ్చినవు? అమ్మ ఉన్నదా?"

ఇదే పరీక్ష. అమ్మ గురించి చెప్పడం మొదలుపెట్టారో, అయిపోయారు. ఆవిడ మీ అమ్మకున్న మోకాళ్ల నొప్పుల దాకా రాబట్టి, తన మోకాళ్ల నొప్పులు చెప్పి, సిటీలో ఉన్న కొడుకు ఫోన్ చేయని సంగతి చెప్పి, మొత్తం వరుసను ఆపేస్తుంది. వెనకనున్నవాళ్లు విసుక్కోకుండా వింటారు, అదింకా ప్రమాదం. ఆవిడ పేరు మీరు అడిగితే ఆ పేరు రాత్రికి గుర్తొస్తుంది, రేపు ఆ ఇంటిముందు నుంచి పోతుంటే కాళ్లు ఆగుతాయి. కాబట్టి "ప్రైజ్ ద లార్డ్ అమ్మా" అని చిరునవ్వుతో చెయ్యి లాక్కుని తర్వాతి మనిషి వైపు చూడండి. చూపు మాత్రం ఆయన భుజం మీదుగా, గేటు దగ్గర ఆగిన కారు వైపు ఉండాలి.

ఇళ్లు చూడటానికి పోవాల్సి వస్తే ఆ కారున్న ఇంటితోనే మొదలుపెట్టండి. అక్కడ టీ, టిఫిను అయ్యేసరికి చీకటి పడుతుంది. మిగతా ఇళ్లకు స్టీవార్డుతో వందనాలు చెప్పి పంపవచ్చు. మెథడిస్టు మూలపురుషుడు జాన్ వెస్లీ గుర్రం మీద లక్షల మైళ్లు తిరిగాడంటారు. సొంత ఊరు ఎప్‌వర్త్‌లో 1742లో పల్పిట్ ఇవ్వకపోతే గుడి బయట తండ్రి సమాధి రాయి మీద నిలబడి వారం రోజులు ప్రసంగించాడంటారు. ఆయనకు పల్పిట్ దొరకలేదు కాబట్టి అలా చేశాడు. మీకు దొరికింది కదా, దిగడం దేనికి?

మిగతా మతాలవాళ్లతో పరిచయం పెట్టుకోవద్దు. రేజింతల్ వినాయకుడి గుడికి పోయేవాళ్లూ, న్యాల్‌కల్ దర్గాకు పోయేవాళ్లూ మీ ఇంటి ముందు నుంచే నడుస్తారు. ఉర్సు రోజుల్లో మీ సంఘంవాళ్లూ అక్కడి కుస్తీలు చూడటానికి పోతారు. ఎవరెవరు పోయారో రాసిపెట్టుకుని వచ్చే ఆదివారం పేర్లతో సహా చదవండి. పేర్లు తెలుసుకోవడానికి ఇదొక్కటే సరైన సందర్భం.

మొదటి చావు

ఇంత జాగ్రత్తగా పరిచయం చేసుకున్నా ఒక్క రాత్రిలో అంతా తారుమారయ్యే అవకాశం ఉంది. వచ్చిన పదిహేను రోజులకో నెలకో అర్ధరాత్రి తలుపు కొడతారు. "అయ్యగారూ, మా నాయిన పోయిండు."

ఊరు మిమ్మల్ని అసలు అప్పుడు చూస్తుంది. అంతకుముందు చూసిందంతా ఫ్లెక్సీ. కాబట్టి ఈ ఒక్కచోట ఎంత మాత్రం తడబడకూడదు. వెంటనే లుంగీ మీద కండువా వేసుకుని టార్చి పట్టుకుని ఆ మనిషి వెంట నడిచిపోవడం మహా పొరపాటు. అలా పోతే తెల్లవార్లూ ఆ ఇంటి అరుగు మీద కూర్చోవాలి. ఆడవాళ్లు ఏడుస్తూ పోయినాయన బతుకంతా రాగం తీసి చెప్తుంటే వినాలి. ఎవరో తెచ్చిన నల్ల టీ తాగాలి. తెల్లారేసరికి ఆ ఇంటి సంగతులన్నీ తెలిసిపోయి, మట్టి దగ్గర చెప్పాల్సిన మాటలు వాటంతటవే వచ్చేస్తాయి. మీరు సిద్ధం చేసుకున్న పునరుత్థానం ప్రసంగం వృథా.

సరైన పద్ధతి ఇది. "ప్రార్థిస్తున్నాను, పొద్దున వస్తాను" అని గడప లోపలి నుంచే చెప్పండి. పొద్దున అంటే పదకొండు. గుంత ఎంత లోతు తవ్వారో, తవ్వింది ఎవరో అడగొద్దు. సమాధుల తోటకు కారులో వెళ్లండి, ఏసీ ఆపకుండా డ్రైవరును కూర్చోబెట్టండి. ఆయన పేరు చెప్పాల్సిన ప్రతిచోటా "మన ప్రియ సహోదరుడు" అనండి. గుప్పెడు మన్ను వేసేటప్పుడు మనవడొకడు చేయి వెనక్కి పెట్టుకుని మొండికేస్తాడు. వాడి పక్కన కూర్చుని మాట్లాడే పని ఎవరో ఒక పెద్దమనిషి చూసుకుంటాడు, మీరు పుస్తకంలో పేజీ తిప్పండి. ఇంటికి రాగానే చేతులు కడుక్కోండి.

ఆ తర్వాత సంఘంలో హాజరు తగ్గిందంటే వాళ్ల విశ్వాసం చల్లారిందని డిస్ట్రిక్ట్ సూపరింటెండెంటు గారికి రిపోర్టు రాయండి.

కోత పండుగ వేలంలో మాత్రం కొంచెం ఓపిక పట్టాలి. అప్పటికి మీకెవరూ పెద్దగా కనపడకపోయినా, ఆ రోజు అందరూ వస్తారు. జొన్న కంకులు, గుమ్మడికాయ, కాళ్లు కట్టిన కోడి, గంపెడు సనగలు బల్ల ముందు పేరుస్తారు. ఒక్క కోడిగుడ్డును వేలం పాడుతూ చేతులు మారుస్తూ ధర పెంచుకుంటూ పోతారు, నవ్వుకుంటారు. కొన్నవాడే మళ్లీ తెచ్చి బల్ల మీద పెట్టేస్తాడు, మళ్లీ పాడతారు. ఈ లెక్క మీకు అర్థం కాదు. మినిట్స్ రాసేవాణ్ని పిలిచి గుడ్డు ఒక్కసారే లెక్కలోకి వచ్చేలా చూడండి.

ఇలా కొన్నాళ్లు గడిచాక మళ్లీ కాన్ఫరెన్సు వస్తుంది, మళ్లీ జాబితా చదువుతారు. పరిచయ ప్రసంగం కాగితాలు పారేయొద్దు, ఊరి పేరున్న చోట తెల్ల ఇంకు పూసి దాచిపెట్టుకోండి. సామాను ఎక్కించిన రోజునే స్టీవార్డు నంబరు బ్లాక్ చేయండి. లేకపోతే ఎక్కడున్నా ఏటేటా ఫోను చేసి, "అయ్యగారూ, అమ్మగారిని పిల్లలను తోల్కొని కోత పండుగకు రండ్రి, మీ వాటా సనగలు తీసి పెట్టినం" అంటూనే ఉంటాడు.